అంబలిలో, పెరుగులో మంచి బ్యాక్టీరియా చావకుండా చూసుకోవడం ఎలా?

ఎండలు ముదిరితే చాలు, నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "మేడం, రోజూ అంబలి తాగుతున్నం, పెరుగు తింటున్నం. పేగులకు మంచి బ్యాక్టీరియా అందుతున్నట్టేనా? లేకపోతే మెడికల్ షాపుల క్యాప్సూల్స్ కొనుక్కోవాల్నా?" హనుమకొండలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి రావడం సహజమే. జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను: అంబలిలో చల్ల ఎప్పుడు పోస్తున్నారు?

"పొయ్యి మీదికెంచి దించంగనే పోస్తం" అంటారు చాలామంది.

చిక్కంతా అక్కడే ఉంది. చల్లలో కోట్ల కొద్దీ ఉన్న బ్యాక్టీరియా ఆ వేడికి నిమిషాల్లో చచ్చిపోతుంది. రుచి ఉంటుంది, పులుపు ఉంటుంది, ప్రాణం మాత్రం ఉండదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ప్రోబయోటిక్‌కు ఇచ్చిన నిర్వచనంలో మొదటి షరతే అది: ఆ సూక్ష్మజీవి ప్రాణంతో ఉండాలి, తగినంత సంఖ్యలో లోపలికి వెళ్లాలి, ఒంటికి మేలు చేసినట్టు రుజువు కావాలి.

ఒకసారి ల్యాబ్‌లో పిల్లలతో ఇదే చేయించాను. ఒకే గంజులో కాచిన అంబలిని రెండు గిన్నెల్లో పోశాం. ఒకదాంట్లో పొగలు కక్కుతుండగానే చల్ల కలిపాం. రెండోదాన్ని గోరువెచ్చగా అయ్యేదాకా ఆపి అదే చల్ల కలిపాం. రెండింటి నుంచీ చుక్క చుక్క తీసి, లాక్టిక్ బ్యాక్టీరియా పెరిగే ప్లేట్ల మీద రాసి 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచాం. చల్లారాక కలిపిన అంబలి ప్లేటు మీద సన్నని తెల్ల చుక్కలు, నూకలు చల్లినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. వేడిలో కలిపినదాని ప్లేటు అద్దంలా ఖాళీగా ఉంది. ఒక అమ్మాయి ఆ ప్లేటును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "మా ఇంట్ల రోజూ గిదే తాగుతున్నం మేడం" అంది. ఈ వ్యాసం ఆ అమ్మాయి ఇంటి కోసమే, మీ ఇంటి కోసమే.

పేగు గోడ సంగతి, అవసరమైనంత వరకే

పేగు లోపలి గోడ మందం ఒకే ఒక్క కణం వరుస. లోపలి మడతలన్నీ పరిస్తే దాదాపు 30-40 చదరపు మీటర్లు ఉంటుంది, అంటే సగం బ్యాడ్మింటన్ కోర్టు. ఆ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. వాటి మీద జిగురు పొర ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య ప్రొటీన్లతో వేసిన కుట్లు ఉంటాయి. తిన్నదాంట్లోంచి సారం లోపలికి రావాలి, రోగక్రిములు బయటే ఆగిపోవాలి. ఆ కుట్లు, ఆ జిగురు బాగుంటేనే ఇది సాగుతుంది.

మంచి బ్యాక్టీరియా ఇక్కడ నాలుగు పనులు చేస్తుంది. లాక్టిక్ ఆమ్లం వదిలి రోగక్రిములకు చోటు అనుకూలంగా లేకుండా చేస్తుంది. గోడకు అంటుకునే జాగా కోసం వాటితో పోటీ పడుతుంది. జిగురు ఎక్కువ ఊరేలా కణాలను ప్రేరేపిస్తుంది. కొన్ని రకాలు ఆ కుట్లను బిగించడం కూడా ప్రయోగశాలల్లో చూశారు. ఇవికాక పెద్దపేగులో కాపురముండే మన సొంత బ్యాక్టీరియా ఉంది. అది పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం తయారు చేస్తుంది. పెద్దపేగు కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దాని నుంచే వస్తుంది. అందుకే పెరుగు ఒక్కటే తిని పీచు మానేస్తే సగం పనే అవుతుంది.

ఇంకొక్క విషయం చెప్పి పనిలోకి వెళ్దాం. బయటి నుంచి వచ్చే ఈ బ్యాక్టీరియా చాలావరకు పేగులో స్థిరపడదు. మానేసిన కొద్దిరోజులకే, మహా అయితే కొన్ని వారాలకే కనబడకుండా పోతుంది. కాబట్టి నెలకోసారి కుండెడు తాగడం కన్నా రోజూ ఒక గ్లాసు మేలు.

కావలసినవి

- పాలు అర లీటరు. బర్రె పాలైనా ఆవు పాలైనా పర్వాలేదు. ప్యాకెట్ పాలైతే పొడవాటి గడువు ఉండే డబ్బా పాలు కాకుండా మామూలువి తీసుకోండి.
- తోడుకు మంచి పెరుగు ఒక చెంచా, రెండు రోజులకు మించి పాతది కానిది.
- జొన్నపిండి 50 గ్రాములు, అంటే అయిదు పెద్ద చెంచాలు.
- కాచి చల్లార్చిన నీళ్లు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఎక్కువగా ఉంటే పులవడం మందగిస్తుంది, కాచితే ఆ ఇబ్బంది పోతుంది.
- మట్టి కుండ గానీ స్టీలు గంజు గానీ. సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు, కళాయి లేని ఇత్తడి, రాగి వద్దు. పులుపుకు ఆ లోహం కరిగి తిండిలోకి దిగుతుంది. మెరుపు రంగులు పూసిన అలంకారపు కుండలు కూడా వద్దు.
- పలుచటి నూలుబట్ట.
- దొరికితే పీహెచ్ కాగితాలు. పులుపు ఎంతుందో రంగుతో చూపిస్తాయి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. ల్యాబ్ సామాను అమ్మే షాపుల్లో ఉంటాయి. ఎరుపు, నీలం మాత్రమే చూపించే లిట్మస్ కాదు, 3 నుంచి 6 మధ్య రంగు తేడాలు చూపించేవి అడగండి. లేకున్నా పని ఆగదు.

మొదటి పని: పెరుగు

అంబలిలో పోసే చల్ల ఈ పెరుగు నుంచే వస్తుంది కాబట్టి ఇది బాగా కుదరాలి.

1. పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి మరో అయిదు నుంచి పది నిమిషాలు కాగనివ్వండి. పాలలో ఉన్న పాత క్రిములు చస్తాయి. పాలలోని ప్రొటీన్ విచ్చుకుని పెరుగు గట్టిగా కూడా వస్తుంది.

2. చల్లార్చండి. 40 నుంచి 43 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే, శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి నెమ్మదిగా పది లెక్కపెట్టండి. వెచ్చగా తగలాలి, వేలు వెనక్కి లాక్కోవాలనిపించకూడదు. మూడు లెక్కపెట్టేసరికే చురుక్కుమంటే ఇంకా ఆగండి.

3. తోడు చెంచాను కొన్ని పాలలో చిలికి, ఆ తర్వాత మొత్తం పాలలో కలపండి. గడ్డగా జారవిడిస్తే అడుగున ఒకచోటే పులుస్తుంది, పైన పాలు పాలుగానే ఉంటాయి.

4. కదపకుండా ఉంచండి. మే నెలలో వరంగల్‌లో నాలుగైదు గంటలు చాలు. డిసెంబరు, జనవరిలో ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఆదిలాబాద్ వైపు చలికి ఇంకా ఎక్కువ. అప్పుడు గిన్నెకు దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి, తోడు ఒకటిన్నర చెంచా వేయండి. ఎండాకాలం తోడు అర చెంచాకు తగ్గించండి.

5. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం పొద్దంతా బయట వదిలేస్తే పులుపు పెరుగుతూ పోతుంది. పులుపు మరీ ముదిరితే ఆ ఆమ్లానికే బ్యాక్టీరియా సంఖ్య తగ్గడం మొదలవుతుంది. "ఎంత పులిస్తే అంత మంచిది" అనుకోవడం పొరపాటు.

పైన తేరిన నీళ్లు పారబోయకండి. అది పెరుగు నీరే, దాంట్లోనూ బ్యాక్టీరియా ఉంటుంది.

మన ఇంటి పెరుగులో ప్రాణమున్న లాక్టిక్ బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. కానీ ఏ జాతి, ఎన్ని అన్నది ఇంటికో తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని పరీక్షించి పేరు పెట్టిన ప్రోబయోటిక్‌తో సమానమని నేను చెప్పను. రోజూ తినడానికి మంచిది, చవక, మన చేతిలో పని. మందు మాత్రం కాదు.

రెండో పని: అంబలి

మనవైపు చాలా ఇళ్లలో పద్ధతి ఇది: రాత్రి జొన్నపిండి నీళ్లలో కలిపి నానబెడతారు, అది తెల్లారేసరికి పులుస్తుంది, పొద్దున కాచి చల్ల పోసి తాగుతారు. పద్ధతి మార్చాల్సిన పని లేదు, చల్ల పోసే వేళ మారిస్తే చాలు.

1. రాత్రి కుండలో జొన్నపిండి వేసి, ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లు పోసి ఉండలు లేకుండా కలపండి. బట్ట కట్టి వంటింట్లో ఉంచండి. ఎండాకాలం ఆరేడు గంటలు, చలికాలం పన్నెండు గంటలు.

2. పొద్దున బట్ట తీయగానే చల్ల లాంటి పులుపు వాసన రావాలి. పైన సన్నని బుడగలు ఉండొచ్చు. మురిగిన వాసన, గులాబీ రంగు, నల్లని మచ్చలు, బూజు, వీటిలో ఏది కనిపించినా మొత్తం పారబోయండి. పైది గీకి కిందిది వాడకండి.

3. గంజులో మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, పులిసిన పిండిని కలుపుతూ పోయండి. సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వండి. గరిటెకు పలుచగా అంటుకునేలా ఉంటే చాలు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది.

ఇక్కడ ఒకరు అడిగారు: "రాత్రంతా పులిసిన దాంట్లోని బ్యాక్టీరియా ఉడికితే చస్తది కదా, మరి పులియబెట్టుడెందుకు?" నిజమే, అది చస్తుంది. కానీ పులవడం వృథా పోదు. జొన్నల్లో ఇనుమును, జింకును ఒంటికి పట్టకుండా కట్టేసే ఫైటేట్ ఉంటుంది. పులిస్తే అది తగ్గుతుంది. రుచి వస్తుంది. ప్రాణమున్న బ్యాక్టీరియా మాత్రం తర్వాత పోసే చల్ల నుంచే రావాలి.

4. దించి, చన్నీళ్లున్న తొట్టిలో గంజును కూర్చోబెట్టి, కలుపుతూ త్వరగా చల్లార్చండి. ఈ మెట్టు దాటవేయకండి. ఉడికినా చావని గింజల్లాంటి రూపంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి ధాన్యాల్లో ఉంటుంది. ఉడికిన గంజి, అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అది మేల్కొని విషం తయారు చేస్తుంది. ఆ విషాల్లో ఒకటి మళ్లీ ఉడకబెట్టినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. త్వరగా చల్లార్చి, వెంటనే పుల్లని చల్ల కలిపితే దానికి పెరిగే సందు తగ్గుతుంది.

5. వేలు పరీక్ష మళ్లీ చేయండి. పది లెక్క హాయిగా దాటితే, అర గ్లాసు చిలికిన చల్ల పోసి బాగా కలపండి.

6. అప్పుడే తాగొచ్చు. ఇంకా మంచి పద్ధతి, బట్ట కట్టి మూడు నాలుగు గంటలు ఉంచి మధ్యాహ్నం తాగడం. ఆ లోపు చల్లలోని బ్యాక్టీరియా అంబలిలో పెరుగుతుంది. పీహెచ్ కాగితం ముంచితే 4.5 కన్నా తక్కువ చూపించాలి. అయిదు దాటి ఉంటే ఆ పూటే తాగేయండి, నిల్వ పెట్టకండి.

7. ఉప్పు తాగేముందు వేసుకోండి. ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి మీ ఇష్టం. ఉల్లిగడ్డను నేను వదలను. దానిలోని పీచు పెద్దపేగు బ్యాక్టీరియాకు ఇష్టమైన తిండి.

మిగిలినది ఫ్రిజ్‌లో ఒక రోజు. మళ్లీ వేడి చేయకండి. చల్లదనం పడని పెద్దవాళ్లకు ఇవ్వాలంటే, గ్లాసును గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టండి.

జొన్నలు పడకపోతే

రాగులతో, సజ్జలతో ఇదే పద్ధతి. మక్క గట్క తినేవాళ్లు గట్క చల్లారాక చల్ల పోసుకుంటే సరిపోతుంది. సద్దన్నం చేసుకునేవాళ్లు రాత్రి అన్నం గోరువెచ్చగా ఉండగానే చల్లార్చిన నీళ్లు, రెండు చెంచాల పెరుగు కలిపి కుండలో పెట్టండి. ఉత్త నీళ్లు పోసి వదిలేయడం కన్నా ఇది భద్రం, ఎందుకంటే పులుపు త్వరగా ఎక్కి చెడ్డ క్రిమి లేవకముందే దారి మూసుకుపోతుంది. మధ్యాహ్నం నుంచి బయట ఉన్న అన్నాన్ని రాత్రి నానబెట్టకండి.

చాలా ఇళ్లలో చూసిన పొరపాట్లు

పెరుగన్నం తాలింపు మొదటిది. సద్దుల బతుకమ్మకు పెరుగు సద్ది కలిపేటప్పుడు ఉడుకన్నంలో పెరుగు వేస్తారు, ఆపైన చిటపటలాడే తాలింపు పోస్తారు. అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి, తాలింపును పక్కన చల్లార్చి కలపండి. రుచికేం తక్కువ కాదు. మజ్జిగ పులుసు, పెరుగు వేసి వండిన కూర తినండి, మంచివే, కానీ వాటిని బతికున్న బ్యాక్టీరియా లెక్కలో వేసుకోకండి.

రెండోది కుండను సబ్బుతో తోమడం. మట్టి సబ్బును పీల్చుకుంటుంది. మరిగే నీళ్లు పోసి, పీచుతో రుద్ది, ఎండలో బోర్లించండి.

మూడోది మొదటి రోజే చెంబెడు తాగేయడం. పీచు, పులుపు అలవాటు లేని కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ పడుతుంది. "నాకు పడదు" అని మానేస్తారు. పావు గ్లాసుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో ఒక గ్లాసుకు రండి.

ఇక నాలుగోది, దీని గురించి నాకు బాధ ఎక్కువ. మిర్చి ఏరి, పత్తి తీసి నడుం పట్టేసిందని రోజూ నొప్పి గోలీలు మింగేవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు గోడను నేరుగా దెబ్బతీస్తాయి. మద్యం కూడా అంతే. ఒక పక్క గోడకు కన్నం పెడుతూ, ఇంకో పక్క అంబలి పోస్తే ఏం నిలుస్తుంది? డాక్టరు రాసినవైతే మీకు మీరుగా ఆపకండి, "రోజూ అవసరమా, వేరే దారి ఉందా" అని అడగండి. షాపులో అడిగి తెచ్చుకుంటున్నవైతే ఈరోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బ్యాక్టీరియా బతికే ఉందా? ఇంట్లోనే చూసుకోండి

ఇది అందరూ ఒక్కసారైనా చేయాలని నా కోరిక. మూడు చిన్న గ్లాసులు చాలు.

1. మూడు గ్లాసులను మరిగే నీళ్లతో కడగండి. బాగా కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు అర గ్లాసు చొప్పున పోయండి.

2. మొదటి గ్లాసులో, చల్లారాక చల్ల పోసిన అంబలి పావు చెంచా. రెండో గ్లాసులో, వేడిగా ఉండగానే చల్ల పోసిన అంబలి పావు చెంచా. మూడోదాంట్లో ఏమీ వేయకండి. ఏది ఏదో కాగితం మీద రాసి అంటించండి.

3. మూడింటినీ ఒకేచోట పెట్టి, ఎండాకాలం ఆరు గంటలకు, చలికాలం పది గంటలకు చూడండి.

మొదటి గ్లాసు వంచితే పెరుగు గడ్డగా కదలాలి. రెండోది, మూడోది పాలుగానే ఉండాలి. మూడోది కూడా తోడుకుంటే మీ గ్లాసులు శుభ్రంగా లేవన్నమాట, లేదా మరీ ఎక్కువసేపు ఉంచారు. ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి, మళ్లీ చేయండి. వేసిన వెంటనే పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా అయితే అది పులుపు దెబ్బ, తోడుకోవడం కాదు. మొదటిదీ తోడుకోకపోతే మీ చల్ల పాతదై ఉంటుంది, లేదా అంబలి ఇంకా వేడిగా ఉండగా పోసి ఉంటారు.

మెడికల్ షాపు క్యాప్సూల్‌ను ఇలా పరీక్షించి "పాలు తోడుకోలేదు, ఇది దండుగ" అనకండి. వాటిలో కొన్ని పాలను తోడు పెట్టని రకాలు ఉంటాయి.

ఒంట్లో మార్పు చూడటానికి ఒక నోట్‌బుక్ చాలు. నాలుగు వారాలు రోజూ మూడు సంగతులు రాయండి: విరేచనం గట్టిగా ఉందా, మెత్తగా అరటిపండులా ఉందా, నీళ్లలా ఉందా, కడుపు ఉబ్బరం ఉందా, ఏం తిన్నారు. మొదటి వారం ఉబ్బరం పెరగడం మామూలే. నాలుగో వారానికీ తగ్గకపోతే మోతాదు తగ్గించండి. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు చాలావరకు పడుతుంది, ఎందుకంటే పాలచక్కెరలో కొంత భాగాన్ని బ్యాక్టీరియా ముందే తినేస్తుంది.

పేగు గోడ ఎంత బాగుందో ఇంట్లో కొలిచే పరీక్ష ఏదీ లేదు. పేగు గోడ కుట్లు వదులయ్యాయంటూ "లీకీ గట్ ప్యాకేజీ" అని డబ్బులు గుంజే పరీక్షలకు పోకండి. వాటిలో వాడే జోనులిన్ అనే రక్తపరీక్ష నమ్మదగినది కాదని పరిశోధకులే చెప్పారు.

పెద్దపేగు బ్యాక్టీరియాకు తిండి

దీనికి పెద్ద వివరం అవసరం లేదు. రోజులో ఒక పూట జొన్నరొట్టె, ఏదో ఒక పప్పు లేదా గుడాలు, ఏదో ఒక ఆకుకూర, కూరలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. కాస్త పచ్చిదనం ఉన్న అరటిపండు. ఒకే కూర వారమంతా తినకుండా మార్చండి, ఎందుకంటే ఒక్కో పీచును ఒక్కో రకం బ్యాక్టీరియా తింటుంది.

యాంటీబయోటిక్ వాడుతున్నప్పుడు

యాంటీబయోటిక్‌కు మంచి చెడ్డ తేడా తెలియదు. గోలీకి, పెరుగుకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని మందులైతే పెరుగులోని క్యాల్షియంకు అతుక్కుని సరిగా పనిచేయవు కూడా. ఎడం ఎంతో డాక్టరునే అడగండి. కోర్సు అయ్యాక రెండు వారాలు పెరుగు, అంబలి, పీచు తప్పకుండా కొనసాగించండి.

క్యాప్సూల్స్ సంగతి వేరు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు, యాంటీబయోటిక్ తర్వాత పదకొండు జాతుల ప్రోబయోటిక్ వాడినవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని చూపించారు. కాబట్టి "యాంటీబయోటిక్‌తో పాటు ఇదొకటి" అని అలవాటుగా కొనకండి, డాక్టరు కారణం చెప్పి రాస్తే వాడండి. కొనాల్సి వస్తే డబ్బా మీద జాతి పేరు పూర్తిగా ఉందా, గడువు తేదీ నాటికి ఎన్ని బతికి ఉంటాయో రాశారా, ఫ్రిజ్‌లో పెట్టాలా అన్నది చూడండి. మన దేశ ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ప్రోబయోటిక్ అని అమ్మే ఆహారంలో రోజు మోతాదుకు కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలి. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో గంటసేపు పెట్టి తెచ్చిన సాషేలో ఆ లెక్క నిలవకపోవచ్చు. చల్లని పూట వెళ్లి తెచ్చుకోండి.

ఎవరికి వద్దు, ఎప్పుడు వద్దు

ఆరు నెలల లోపు పిల్లలకు తల్లిపాలే. పెరుగు నీళ్లు, అంబలి తేట, ఏదీ వద్దు. తల్లిపాలలోనే బిడ్డ పేగు బ్యాక్టీరియాకు కావలసిన ప్రత్యేకమైన చక్కెరలు ఉన్నాయి. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులకు వారం పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే జాతిని, దానికి తిండిగా ఒక పీచును కలిపి ఇవ్వడమో, మందులా కనిపించినా మందు లేని ఉత్తదాన్ని ఇవ్వడమో చేసి పోల్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గిందని 2017లో ప్రచురించారు. ఎంతో ఆశ కలిగించే ఫలితం. కానీ అది ఎంచిన ఒకే జాతి, కొలిచిన మోతాదు, వైద్యుల పర్యవేక్షణ. ఇంట్లో ఎవరూ అనుకరించకూడదు.

కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, పెద్ద నరంలో గొట్టం ఉన్నవాళ్లు, నెలలు నిండని పిల్లలు: డాక్టరు చెప్పకుండా ప్రోబయోటిక్ గోలీలు గానీ ఇంట్లో పులిసినవి గానీ వద్దు. తీవ్రమైన క్లోమం వాపు ఉన్న రోగులకు ప్రోబయోటిక్ ఇచ్చి చూసిన నెదర్లాండ్స్ పరిశోధనలో, అది తీసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి, 16 శాతం. తీసుకోనివాళ్లలో 6 శాతం. 2008లో వచ్చిన ఆ ఫలితం వైద్యులందరినీ ఆపి ఆలోచింపజేసింది. మంచి బ్యాక్టీరియా అయినా గోడ దాటి రక్తంలోకి వెళ్తే మంచిది కాదు.

షుగర్ ఉన్నవాళ్లు అంబలిని అన్నం, రొట్టె లెక్కలోనే వేసుకోవాలి, వాటికి అదనంగా కాదు. బీపీ ఉంటే ఉప్పు చిటికెడే.

నీళ్ల విరేచనాలు మొదలైతే ముందు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. పిల్లలకు జింకు గోలీలు కూడా ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, బిడ్డ కళ్లు గుంటలు పడటం, మూత్రం రాకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అంబలి కుండ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

ఊరికి వెళ్తే తోడు ఎలా?

మేడారం జాతరకో, పెళ్లికో వారం రోజులు ఇల్లు వదిలితే తోడు పాడవుతుందని చాలామంది అడుగుతారు. తాజా పెరుగు రెండు చెంచాలు శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. గడ్డకట్టినప్పుడు కొంత బ్యాక్టీరియా చస్తుంది, చాలావరకు నిద్రలో ఉంటుంది. తిరిగి వచ్చాక కింది అరలో కరగనిచ్చి పాలలో వేయండి. మొదటిసారి తోడుకోవడానికి రెండు మూడు గంటలు ఎక్కువ పట్టొచ్చు. ఆ మొదటి పెరుగును అంబలికి వాడకుండా దాంతో ఇంకోసారి తోడేసి, రెండోసారి వచ్చిన పెరుగును చిలకండి. ఫ్రిజ్ లేనివాళ్లు తిరిగొచ్చిన రోజు పక్కింట్లో ఒక చెంచా అడిగి తెచ్చుకోండి. తెచ్చింది అంబలిలో పోసేముందు మూడు గ్లాసుల పరీక్ష ఒకసారి పెట్టి చూడండి.